జలవిశ్లేషణ: నీరు తెంచే బంధాలు

పంచదార నీటిలో కరగడం, పంచదార నీటితో చర్య జరపడం వేరువేరు సంగతులు. కరిగినప్పుడు పంచదార అణువులు ఒకదాని నుంచి ఒకటి విడివడి నీటి అణువుల నడుమ చెదిరిపోతాయే తప్ప ఏ అణువూ తనలో తాను చీలదు. ఆ నీటిని ఇగరబెడితే వేసిన పంచదార వేసినట్టే తిరిగి వస్తుంది. అదే ద్రావణంలో కొద్దిగా ఆమ్లం కలిపి వేడిచేస్తే, రసాయన శాస్త్రం సూక్రోజ్ అని పిలిచే ఆ పంచదార అణువు ఒక నీటి అణువును కలుపుకొని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా చీలిపోతుంది. ఈ చీలికలో నీటి అణువు కూడా చెక్కుచెదరకుండా మిగలదు. దానిలోని ఒక హైడ్రోజన్ ఒక ముక్కకు, మిగిలిన ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంట రెండో ముక్కకు అతుక్కుంటాయి. అందువల్లనే 342 గ్రాముల సూక్రోజ్ పూర్తిగా చీలితే వచ్చే చక్కెరల బరువు 360 గ్రాములు అవుతుంది. పెరిగిన 18 గ్రాములు చర్యలో ఖర్చయిన నీటివి. నీటి అణువు ఇలా తాను చీలుతూ మరొక సమ్మేళనంలోని బంధాన్ని తెంచే చర్యను జలవిశ్లేషణ అంటారు.

మిఠాయిలు చేసేవారు పాకం చక్కెరకట్టకుండా ఉండాలని అందులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండినప్పుడు జరిగేది ఈ చర్యే. నిమ్మరసంలోని ఆమ్లం వల్ల సూక్రోజ్‌లో కొంత భాగం చీలుతుంది, చీలగా వచ్చిన చక్కెరలు మిగిలిన సూక్రోజ్ స్ఫటికాలు కట్టకుండా అడ్డుపడతాయి. తేనెటీగలు పూల మకరందాన్ని తేనెగా మార్చేటప్పుడు తమ శరీరంలోని ఎంజైముతో చేసేదీ ఇదే. రసాయన శాస్త్ర చరిత్రలో కూడా ఈ చిన్న చర్యకు పెద్ద స్థానం ఉంది. ఒకే తలంలో కంపించే కాంతిని, అంటే ధ్రువిత కాంతిని, సూక్రోజ్ ద్రావణం గుండా పంపితే ఆ తలం కుడివైపుకు తిరుగుతుంది. సూక్రోజ్ చీలిన తరువాత వచ్చే మిశ్రమంలో ఎడమవైపుకు తిరుగుతుంది. ద్రావణాన్ని ముట్టుకోకుండా, ఒక్క చుక్కైనా బయటికి తీయకుండా, ఏ క్షణానికి ఎంత సూక్రోజ్ మిగిలి ఉందో ఈ తిరుగుడును బట్టి చెప్పవచ్చు. జర్మనీకి చెందిన లుడ్విగ్ విల్హెల్మీ 1850లో ఆ పని చేసి, చర్య జరిగే వేగం ఆ క్షణంలో మిగిలి ఉన్న సూక్రోజ్ పరిమాణానికి అనులోమానుపాతంలో ఉంటుందని గణిత సమీకరణంతో నిరూపించాడు. ఒక రసాయన చర్య వేగానికి గణిత నియమం దొరకడం అదే మొదటిసారి.

వేగం గురించిన ఈ ప్రశ్న జలవిశ్లేషణకు ప్రాణం వంటిది. మాంసకృత్తులు, కొవ్వులు, పిండిపదార్థాలు, వంశలక్షణాలను మోసే కేంద్రకామ్లాలు అన్నీ చిన్న చిన్న అణువులు నీటిని వదులుకొని ఒకదానితో ఒకటి కలవగా ఏర్పడినవి. సరిపడినంత నీరు చుట్టూ ఉన్నప్పుడు తిరిగి చీలిపోవడమే శక్తిరీత్యా వాటికి అనుకూలం. మనిషి శరీర బరువులో సగానికి మించి నీరే ఉన్నప్పుడు, ఆ నీటిలోనే నానుతూ ఉన్న మాంసకృత్తులు చీలిపోకుండా ఎందుకు నిలుస్తున్నాయన్న సందేహం రావడం సహజం. చీలడం ఎంత అనుకూలమైనా అది ఎంత వేగంగా జరుగుతుందన్నది వేరే లెక్క అన్నదే దానికి సమాధానం. మాంసకృత్తులలో అమైనో ఆమ్లాలను వరుసగా కలిపే పెప్టైడ్ బంధాలు, ఏ సహాయమూ లేకుండా, తటస్థమైన నీటిలో, గది ఉష్ణోగ్రత వద్ద సగానికి సగం తెగడానికి కొన్ని వందల సంవత్సరాలు పడుతుందని అమెరికాలోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో అన్నా రాజిస్కా, రిచర్డ్ వోల్ఫెండెన్ 1996లో ప్రకటించిన కొలతలు చూపాయి.

ఆ జాప్యానికి కారణం చర్య జరిగే తీరులోనే ఉంది. నీటి అణువులోని ఆక్సిజన్‌పై బంధాలలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలు ఉంటాయి. ఎలక్ట్రాన్ల కొరత ఉన్న మరొక పరమాణువు ఎదురైతే అవి దానివైపు మొగ్గుతాయి. పెప్టైడ్ బంధంలోనూ, కొవ్వులలో ఉండే ఎస్టర్ బంధంలోనూ కార్బన్ పరమాణువుకు పక్కనున్న ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడం వల్ల ఆ కొరత కొంత ఉన్నా, నీటివంటి మెత్తని కారకానికి అది చాలదు. ఆమ్లం తన హైడ్రోజన్ అయానును ఆ ఆక్సిజన్‌కు అంటించి కార్బన్ కొరతను మరింత పెంచుతుంది. క్షారం నీటి స్థానంలో రుణావేశం గల హైడ్రాక్సైడ్‌ను తెచ్చి దాడిని బలపరుస్తుంది. ఎంజైము ఈ రెండు పనులనూ ఒకేచోట చేయడంతో పాటు చీలవలసిన అణువును సరైన కోణంలో పట్టి నిలుపుతుంది. కొబ్బరినూనెలో కాస్టిక్ సోడా కలిపి సబ్బు వండడం క్షారం చేసే జలవిశ్లేషణ. ఆ నూనెలు, కొవ్వులు గ్లిజరిన్‌గా, కొవ్వు ఆమ్లాలుగా చీలుతున్నాయని 1811 నుంచి పన్నెండేళ్లపాటు పరిశోధించి తేల్చినవాడు ఫ్రాన్సు దేశపు మిషెల్ షెవ్రోల్. అన్నం ముద్దను మింగకుండా కాసేపు నమిలితే నోటిలో తీపి తేలడం లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని చీల్చడం వల్ల కలిగేది. వందల సంవత్సరాలు పట్టవలసిన పెప్టైడ్ బంధాలను జీర్ణాశయంలోని పెప్సిన్, చిన్న ప్రేవులోని ట్రిప్సిన్ వంటి ఎంజైములు పప్పూ అన్నం తిన్న కొద్ది గంటలలో తెంచివేస్తాయి.

జాప్యమన్నది లేని జలవిశ్లేషణ ఎంత దారుణమో 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్ నగరం చూసింది. పురుగుమందు తయారీకి నిలవ ఉంచిన మిథైల్ ఐసోసయనేట్ 40 టన్నులకు పైగా ఉన్న 610వ నంబరు ట్యాంకులోకి నీరు చేరింది. ఐసోసయనేట్‌లోని కార్బన్‌కు ఒకవైపు ఆక్సిజన్, మరొకవైపు నైట్రోజన్ ఉండి రెండూ ఎలక్ట్రాన్లను లాగుతుండడం వల్ల నీరు దానిపై తేలికగా చర్య జరుపుతుంది. చర్యలో వేడి పుడుతుంది, వేడి చర్యను ఇంకా తొందరపెడుతుంది, కార్బన్ డయాక్సైడ్ వాయువు పీడనాన్ని పెంచుతుంది. ఆ ద్రవాన్ని చల్లగా ఉంచవలసిన శీతలీకరణ యంత్రం అప్పటికి నెలల క్రితమే ఆపివేయబడి ఉంది. చల్లదనం ఉండి ఉంటే చర్య నెమ్మదించి, చేయవలసినవి చేయడానికి వ్యవధి దొరికేది. ఆ వ్యవధి లేకపోవడం వల్ల నిద్రలో ఉన్న వేలాది మంది ప్రాణాలు పోయాయి.

బంధాలు నీటికి ఎంతసేపు తట్టుకుంటాయన్న విచారణ భాస్వరం దగ్గర అన్నిటికంటే లోతుగా సాగుతుంది. అక్కడ ఒక ముఖ్యఘట్టం తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుకు చెందుతుంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా చేరిన సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ, రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే ఫాస్ఫేట్ అనే భాస్వర సమ్మేళనాన్ని కొలిచే పద్ధతిని ఆయనతో కలిసి 1925లో ప్రకటించాడు. పరీక్షించవలసిన ద్రవానికి ఆమ్లం, మాలిబ్డేట్ లవణం చేర్చి, ఆపైన ఒక క్షయకరణ కారకాన్ని కలిపితే నీలిరంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువగా ఉన్నట్టు లెక్క. ఫిస్క్, సుబ్బారావుల పేరుతో ఈ పరీక్ష ఎన్నో దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో నడిచింది.

ఇదే పద్ధతిని కండరాల నుంచి తీసిన సారానికి ప్రయోగించినప్పుడు రంగు రావలసిన తీరులో రాలేదు. మామూలు ఫాస్ఫేట్ ద్రావణంలో త్వరగా నిలకడకు వచ్చే నీలం, కండరాల సారంలో చాలాసేపు క్రమక్రమంగా చిక్కబడుతూనే పోయింది. పరీక్ష సరిగా కుదరలేదనుకొని వదిలివేయడానికి వీలున్న సంగతి అది. ఫిస్క్, సుబ్బారావులు ఆ జాప్యాన్నే పట్టుకున్నారు. రంగు ఆలస్యంగా పెరుగుతున్నదంటే ఫాస్ఫేట్ ఆలస్యంగా విడుదలవుతున్నదని, విడుదలవుతున్నదంటే అంతవరకు అది వేరొక అణువుతో ముడిపడి ఉన్నదని, పరీక్షకోసం కలిపిన ఆమ్లమే ఆ ముడిని నీటి సహాయంతో మెల్లమెల్లగా విప్పుతున్నదని వారు గ్రహించారు. విడుదలయ్యే ఫాస్ఫేట్‌కు సరిసమానమైన సంఖ్యలో క్రియాటిన్ అనే పదార్థపు అణువులు కూడా వస్తున్నాయని తేలడంతో ఆ సమ్మేళనం ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో ప్రకటించారు. కండరాన్ని పనిచేయిస్తే అది తగ్గుతుందని, విశ్రాంతినిస్తే తిరిగి నిండుతుందని కూడా చూపారు. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లాండులో ఎగ్‌ల్టన్ దంపతులు కూడా కండరంలో ఇటువంటి అస్థిరమైన భాస్వర సమ్మేళనాన్ని గుర్తించారు. అంతకుముందు కండరాలలో విడిగా ఉన్న ఫాస్ఫేట్ ఇంత అని చెప్పిన లెక్కలన్నీ, కొలిచే క్రమంలో ఆమ్లం చీల్చిన భాగాన్ని కూడా కలుపుకొని చెప్పినవే అయ్యాయి. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నమ్మకం బలంగా ఉన్న ఆ రోజులలో, నిజమైన ఇంధనాన్ని భాస్వర సమ్మేళనాలలో వెతకాలన్న దారి ఈ పరిశోధనతో తెరుచుకుంది.

రెండేళ్ల తరువాత, 1929లో, ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఏటీపీ, జర్మనీలో కార్ల్ లోమాన్ చేతిలోనూ హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావుల చేతిలోనూ విడివిడిగా వెలుగు చూసింది. దానిలో మూడు ఫాస్ఫేట్ సమూహాలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. ఒక నార్మల్ గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 7 నిమిషాలు మరిగిస్తే చివరి రెండు సమూహాలు ఊడిపోతాయి, మొదటిది మాత్రం చాలాసేపు పట్టుకొని ఉంటుంది. ఈ చిన్న తేడాయే పాతతరం జీవరసాయన శాస్త్రజ్ఞులకు ఏటీపీని గుర్తించే ఆనవాలు. చివరి ఫాస్ఫేట్ నీటితో తెగినప్పుడు ప్రామాణిక పరిస్థితులలో మోలుకు సుమారు 30 కిలోజౌళ్ల శక్తి అందుబాటులోకి వస్తుంది.

పాఠ్యపుస్తకాలు ఈ బంధాన్ని అధికశక్తి బంధమని రాయడం వల్ల, శక్తి ఆ బంధంలో బిగబట్టి ఉందనీ తెగగానే బయటికి దూకుతుందనీ విద్యార్థులు అనుకోవడం జరుగుతోంది, అది సరిదిద్దవలసిన భావన. ఏ బంధాన్ని తెంచడానికైనా శక్తి ఖర్చు కావలసిందే. ఏటీపీలో పక్కపక్కనే ఉన్న రుణావేశాలు ఒకదానినొకటి నెట్టుకుంటూ ఉంటాయి, విడిపోయిన తరువాత ఆ ఒత్తిడి తగ్గుతుంది. విడివడిన ఫాస్ఫేట్‌ను నీటి అణువులు మరింత బాగా చుట్టుముడతాయి. ఈ లాభం బంధాన్ని తెంచిన ఖర్చుకు మించినది కావడం వల్ల నికరంగా శక్తి మిగులుతుంది. పైగా జీవకణం ఏటీపీని ఉత్తినే నీటిలో చీలనిస్తే వచ్చేది వేడి మాత్రమే. అందుచేత ఎంజైములు ఆ ఫాస్ఫేట్‌ను ముందు వేరొక అణువుకో కండరంలోని మాంసకృత్తుకో అప్పగించి, పని జరిగిన తరువాతనే నీటికి వదులుతాయి. నీటితో చీలడానికి అంత అనుకూలంగా ఉండి కూడా, ఎంజైము ముట్టుకునేవరకు ఏటీపీ నీటిలో నిలకడగా ఉండడం వల్లనే ఈ అప్పగింతకు వ్యవధి దొరుకుతోంది.

ఆ నిలకడ భాస్వరానికి ఎక్కడినుంచి వచ్చిందో హార్వర్డ్‌కే చెందిన ఫ్రాంక్ వెస్ట్‌హైమర్ 1987లో వివరించాడు. జీవకణంలో ఉండే పరిస్థితులలో ఫాస్ఫేట్‌పై ఎప్పుడూ రుణావేశం ఉంటుంది; దాడికి వచ్చే నీరూ హైడ్రాక్సైడూ ఎలక్ట్రాన్లు నిండుగా ఉన్నవి కావడం వల్ల ఆ రుణావేశం వాటిని దూరంగా నెడుతుంది. ఒక రకం ఫాస్ఫేట్ ఎస్టర్లు సహాయం లేకుండా నీటిలో సగానికి సగం చీలడానికి ఇంచుమించు లక్ష కోట్ల సంవత్సరాలు పట్టవచ్చని వోల్ఫెండెన్ బృందం 2003లో లెక్కకట్టింది. విశ్వం వయస్సే సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. డీఎన్ఏ గొలుసు ఫాస్ఫేట్లతోనే కట్టబడి ఉండడంలోని ఔచిత్యం దీనితో అర్థమవుతుంది. ఆర్ఎన్ఏలో మాత్రం చక్కెరపై అదనంగా ఉండే ఒక హైడ్రాక్సిల్ సమూహం పక్కనున్న ఫాస్ఫేట్‌పై తానే దాడిచేసి గొలుసును తెంచగలదు. 2020లో వచ్చిన ఫైజర్ ఆర్ఎన్ఏ టీకాను సున్నాకు 70 డిగ్రీల దిగువన నిలవ ఉంచవలసి రావడానికి ఆ గొలుసు సున్నితత్వం ఒక ముఖ్యకారణం. డీఎన్ఏ కూడా నీటికి పూర్తిగా అతీతమైనది కాదు. గొలుసు నిలిచినా, దానికి వేలాడే క్షారాలు మాత్రం ప్రతి జీవకణంలోనూ రోజూ వేల సంఖ్యలో జలవిశ్లేషణతో ఊడిపోతుంటాయి, మరమ్మతు ఎంజైములు వాటి స్థానాన్ని నింపుతుంటాయి. ఈ రంగంలో కృషికి గాను తోమస్ లిండాల్ 2015లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

మందుల షాపులో పసిపిల్లల కోసం ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్ సీసాలో పొడి మాత్రమే ఉండి, కాచి చల్లార్చిన నీరు గీత వరకు పోసి కలుపుకోవలసి రావడం కూడా బంధం నీటికి ఎంతకాలం తట్టుకుంటుందన్న విషయానికి సంబంధించినదే. పెన్సిలిన్ జాతి మందులలో నాలుగు పరమాణువుల బిగుతైన వలయం ఒకటి ఉంటుంది. ఆ వలయమే సూక్ష్మజీవిని చంపుతుంది, ఆ వలయమే నీటితో తేలికగా విచ్చుకుంటుంది. కలిపిన మందును సీసాపై రాసిన రోజులు దాటిన తరువాత వాడకూడదనడానికి కారణం ఇది. మిగిలిన మందును మళ్లీ జ్వరం వచ్చినప్పటికి దాచి ఉంచడం బిడ్డకు మేలు చేయదు. మందుకు లొంగని సూక్ష్మజీవులు ఎన్నో ఈ వలయాన్ని జలవిశ్లేషణ చేసే ఎంజైమును స్వయంగా తయారుచేసుకుంటాయి.

భాస్వర బంధం నీటికి లొంగకపోవడం ప్రాణాధారమైనట్టే ప్రాణాంతకం కూడా కాగలదు. తెలుగు జిల్లాలలో పత్తి, మిర్చి చేలపై దశాబ్దాలుగా పిచికారీ చేస్తూ వచ్చిన మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, డైమిథోయేట్ వంటివి సేంద్రియ భాస్వర సమ్మేళనాలు. ఇక్కడ సేంద్రియమన్న మాటకు కార్బన్‌తో కూడినదని మాత్రమే అర్థం. ఒక నాడీకణం నుంచి కండరానికి ఆజ్ఞ చేరవేసే ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం తన పని ముగియగానే తొలగిపోవాలి. తొలగించేది ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము. అది ఎసిటైల్ సమూహాన్ని తనకు అంటించుకుంటుంది, మరుక్షణమే నీరు వచ్చి ఆ సమూహాన్ని కడిగివేస్తుంది. ఒక్కొక్క ఎంజైము అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలిన్ అణువులను ఇలా చీల్చగలదు. పురుగుమందు శరీరంలో చేరితే ఎసిటైల్ సమూహం ఉండవలసిన చోట భాస్వర సమూహం వచ్చి కూర్చుంటుంది. దానిని నీరు కడగలేదు. మిల్లీసెకనులో ముగియవలసిన జలవిశ్లేషణ గంటలు, రోజులు గడిచినా ముగియదు. చీలకుండా పేరుకుపోయిన ఎసిటైల్‌కోలిన్ వల్ల నోటి వెంట చొల్లు, కళ్ల వెంట నీరు, ఒళ్లంతా చెమట, వాంతులు, సూదిమొనంతగా కుంచించుకుపోయిన కంటిపాపలు, కండరాల అదురు కనిపించి, చివరకు ఊపిరి తీయించే కండరాలు పనిచేయడం మానివేస్తాయి.

అన్ని సేంద్రియ భాస్వర మందులూ మనిషికి ఒకే స్థాయిలో హాని చేయవు, ఆ తేడా కూడా జలవిశ్లేషణ మీదనే ఆధారపడి ఉంది. దోమల నిర్మూలనకు వాడే మలాథియాన్‌లో భాస్వరంతో పాటు రెండు సాధారణ ఎస్టర్ బంధాలు ఉన్నాయి. మనిషి కాలేయంలోని కార్బాక్సిలెస్టరేజ్ ఎంజైములు వాటిని త్వరగా తెంచి మందును నిరపాయమైన పదార్థంగా మారుస్తాయి. కీటకాలలో ఆ శక్తి తక్కువ కాబట్టి అవి చస్తాయి. ఈ రక్షణ ఎంత పలచనిదో 1976లో పాకిస్తాన్‌లో తెలిసింది. అక్కడ మలేరియా నివారణకు మలాథియాన్ చల్లిన సుమారు 7,500 మంది కార్మికులలో 2,800 మంది విషప్రభావానికి గురయ్యారని అంచనా, అయిదుగురు మరణించారు. ఆ మందులో కల్మషంగా ఏర్పడిన ఐసోమలాథియాన్, కాపాడవలసిన కాలేయ ఎంజైమునే అడ్డగించింది.

విషప్రభావానికి గురైనవారికి ఇచ్చే అట్రోపిన్, పేరుకుపోయిన ఎసిటైల్‌కోలిన్ పనిచేయకుండా అడ్డుకుంటుంది. 1955లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇర్విన్ విల్సన్ రూపొందించిన ప్రాలిడాక్సిమ్, నీరు చేయలేకపోయిన పనిని నీటి స్థానంలో నిలబడి తాను చేయడానికి, అంటే ఎంజైముకు అంటుకున్న భాస్వరాన్ని ఊడగొట్టడానికి ఉద్దేశించినది. దాని ఫలితం గురించి వైద్యపరీక్షలు ఏకాభిప్రాయానికి రాలేదు, అయినా ఇవ్వవలసివస్తే ఆలస్యం చేయకూడదన్న విషయంలో రసాయన శాస్త్రం స్పష్టంగానే ఉంది. ఎంజైముపై కూర్చున్న భాస్వర సమూహం కొంతసేపటికి తన పక్కనున్న ఒక ముక్కను కోల్పోయి రుణావేశాన్ని పొందుతుంది; ఆ తరువాత నీరే కాదు, ప్రాలిడాక్సిమ్ కూడా దానిని కదిలించలేదు. డైమిథోయేట్, మోనోక్రోటోఫాస్ వంటి మందులలో సగం ఎంజైము ఈ స్థితికి చేరడానికి సుమారు 4 గంటలు, క్లోర్‌పైరిఫాస్ వంటి వాటిలో సుమారు 33 గంటలు పడుతుంది. మందు పడిన బట్టలు వెంటనే విప్పివేసి, ఒళ్లంతా సబ్బునీటితో కడిగి, మందు డబ్బాను చేతపట్టుకొని పెద్దాసుపత్రికి చేర్చాలని వైద్యులు చెప్పడంలోని తొందరకు ఈ గంటల లెక్కే ఆధారం. మందు పేరు తెలిస్తే వైద్యుడికి ఎంత వ్యవధి మిగిలి ఉందో తెలుస్తుంది.

ఇలా ప్రాలిడాక్సిమ్‌కు కూడా లొంగని స్థితికి చేరిన ఎంజైము బాగుపడదు, శరీరం కొత్తదాన్ని తయారుచేసుకోవలసిందే. ఎర్ర రక్తకణాలలో కూడా ఉండే ఈ ఎంజైము అక్కడ రోజుకు దాదాపు ఒక శాతం చొప్పున మాత్రమే తిరిగి నిండుతుంది. కాబట్టి తలనొప్పి, కళ్లు తిరగడం వంటి చిన్న లక్షణాలతో బయటపడిన కూలీ వారం తిరక్కుండానే మళ్లీ పంపు భుజానికి ఎత్తుకుంటే, మొదటిసారి తట్టుకున్న మోతాదే రెండోసారి అతనిని పడగొట్టవచ్చు. కాలిఫోర్నియా రాష్ట్రంలో 1974 నుంచి, ఇటువంటి మందులను తరచుగా చేతపట్టే పనివారికి ముందుగా ఒకసారి, పని జరిగే కాలంలో మళ్లీ మళ్లీ రక్తంలోని కోలినెస్టరేజ్ ఎంజైమును పరీక్షించాలన్న నిబంధన ఉంది. ఎర్ర రక్తకణాలలో అది మొదటి స్థాయిలో 70 శాతానికి పడిపోతే ఆ మనిషిని మందు పనినుంచి తప్పించి, 80 శాతానికి చేరిన తరువాతనే తిరిగి పంపుతారు. పరీక్షకు కావలసింది కొద్దిపాటి రక్తం, ఎంజైము తనకు అందించిన పదార్థంలోని బంధాన్ని ఎంత వేగంగా నీటితో తెంచుతున్నదో రంగును బట్టి చూపే పరికరం. పత్తి, మిర్చి పండే ప్రతి మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ పిచికారీ కాలం మొదలయ్యే ముందే ఆ పరీక్ష అందుబాటులో ఉండాలి.